ఖాళీ చేతులతో మోసే బరువు: గ్రీన్‌హౌస్ కూరగాయల పనిలో నడుము, మోకాళ్ళు, భుజాలు

టమాటా నారు మొక్క ఎంత బరువుంటుంది? వేళ్ళకు అంటుకున్న మట్టితో కలిపినా అరచేతిలో పెడితే పెద్దగా తెలియదు. ట్రేలోంచి మెల్లగా ఊడదీసి, మట్టిని కప్పే మల్చింగ్ షీటు చిల్లులో దించి, రెండు బొటనవేళ్ళతో చుట్టూ మట్టి అదిమితే ఒక మొక్క నాటినట్టే. కొన్ని సెకన్ల పని. మూరెడు దూరం జరిగి మళ్ళీ అదే. హెక్టారు గ్రీన్‌హౌస్‌లో ఇలాంటి మొక్కలు ఇరవై వేలకు పైగా పడతాయి. సాళ్ళు పూర్తయ్యే సాయంత్రానికి నడుం పట్టేసి, ఒక చేయి మోకాలి మీద ఆనించి గాని పైకి లేవలేని మనిషిని “ఏం బరువులు మోశారు?” అని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. ఎందుకంటే రోజంతా ఆ మనిషి మోసింది తన ఒంటి బరువునే.

గ్రీన్‌హౌస్ కూలీల కండరాలు, కీళ్ళ నొప్పుల గురించి మాట్లాడేటప్పుడు ఎక్కువగా జారిపోయే విషయం ఇదే. బస్తాలు, క్రేట్లు కళ్ళకు కనిపిస్తాయి కాబట్టి ప్రమాదమంతా వాటిలోనే ఉందనుకుంటారు. అసలు నష్టంలో పెద్ద వాటా ఖాళీ చేతులతో, అదే భంగిమలో, గంటల తరబడి చేసే పనుల నుంచి వస్తుంది.

లెక్క చూస్తే సంగతి తేలికగా అర్థమవుతుంది. మనిషి బరువులో సగానికి పైగా నడుముకు పైనే ఉంటుంది: తల, చేతులు, ఛాతీ, పొట్ట. 60 కిలోల మనిషికి అది 30 కిలోల పైమాటే. నిటారుగా నిలబడినప్పుడు ఆ బరువు వెన్నుపూసల మీదుగా నేరుగా కిందికి దిగుతుంది. ముందుకు వంగితే బరువు నడుం కీలుకు ఓ పాతిక సెంటీమీటర్లు ముందుకు పోతుంది. దాన్ని వెనక నుంచి పట్టి ఆపే వెన్ను కండరాలు మాత్రం కీలుకు ఐదారు సెంటీమీటర్ల దూరంలోనే ఉన్నాయి. ఒక పక్క పొడుగ్గా, ఇంకో పక్క పొట్టిగా ఉన్న త్రాసు లాంటిదే ఇది. పొట్టి పక్కన 5 సెంటీమీటర్లు అనుకుంటే, 30 కిలోలను ఆపడానికి కండరాలు 150 కిలోల బలంతో లాగాలి. ఆ లాగుడంతా వెన్నుపూసల మధ్య ఉన్న డిస్కును నొక్కుతుంది. చేతిలో ఉన్నది మాత్రం ఒక్క నారు మొక్క.

ఇది ఊహ కాదు, కొలిచి చూసినదే. స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ 1960ల్లోనే బతికున్న మనుషుల డిస్కులో సూది పెట్టి లోపలి ఒత్తిడిని కొలిచారు. 1999లో జర్మనీలో విల్కె బృందం ఒక వలంటీరు డిస్కులో సెన్సర్ పెట్టి మళ్ళీ కొలిచింది. పడుకున్నప్పుడు 0.1 మెగాపాస్కల్ (ఒత్తిడిని కొలిచే యూనిట్), నిలబడినప్పుడు 0.5, ఏమీ పట్టుకోకుండా ముందుకు వంగినప్పుడు 1.1. అంటే ఉట్టినే వంగితేనే ఒత్తిడి రెట్టింపు దాటింది. 20 కిలోల బరువును నడుం వంచి ఎత్తితే 2.3కి, మోకాళ్ళు వంచి ఎత్తితే 1.7కి చేరింది.

ఒత్తిడి ఎంత అన్నదానితో పాటు ఎంతసేపు అన్నది కూడా చూడాలి. నడిచేటప్పుడు కాలి కండరం బిగుస్తుంది, వదులవుతుంది. ఆ సందులో రక్తం వచ్చి పోతుంది. వంగి ఉన్న మనిషి వెన్ను కండరం మాత్రం బిగుసుకునే ఉంటుంది. లోపలి రక్తనాళాలు నొక్కుకుపోతాయి, ఆక్సిజన్ తగ్గుతుంది, వ్యర్థాలు పోగవుతాయి. సలుపు మొదలయ్యేది అక్కడే. పూర్తిగా కిందికి వంగిపోతే ఇంకో విచిత్రం జరుగుతుంది: వెన్ను కండరాలు పని మానేస్తాయి. 1950ల్లో ఫ్లాయిడ్, సిల్వర్ అనే పరిశోధకులు కండరాల్లో విద్యుత్ సంకేతాలు రికార్డు చేసి ఈ సంగతి చూపించారు. కండరం వదిలేసిన బరువు అప్పుడు వెన్నుపూసలను కట్టి ఉంచే లిగమెంట్ల మీద పడుతుంది. అలవాటైన కూలీకి పూర్తిగా వంగి పని చేయడం తేలిగ్గా అనిపించడానికి కారణం ఇదే. కండరానికి అలుపు రాదు కాబట్టి ప్రమాదం జరుగుతున్నట్టే తెలియదు.

లిగమెంట్లు రబ్బరు బ్యాండులా వెంటనే వెనక్కి రావు. మెల్లగా సాగుతాయి, మెల్లగానే బిగుస్తాయి. కెనడాలో మెక్‌గిల్, బ్రౌన్ 1992లో చేసిన ప్రయోగంలో 20 నిమిషాలు పూర్తిగా వంగి కూర్చున్నవాళ్ళ నడుము రెండు నిమిషాల విశ్రాంతితో సగం వరకు కోలుకుంది. మిగతా సగం అంత తొందరగా రాలేదు, అరగంట తరవాత కూడా కొంత వదులు మిగిలే ఉంది. గ్రీన్‌హౌస్ పనికి దీన్ని అన్వయించి చూడండి. అరగంట వంగి దోసకాయలు కోసిన మనిషి సాలు చివరికి రాగానే చేసే మొదటి పని ఏమిటి? నిండిన క్రేటును నేల మీంచి ఎత్తడం. నడుము బాగా వదులై ఉన్న క్షణంలోనే దాని మీద అన్నిటికన్నా పెద్ద బరువు పడుతోంది. క్రేటు ఎత్తేముందు రెండు నిమిషాలు నిటారుగా నడిచినా, ఆ క్రేటును వేరొకరు ఎత్తినా తేడా ఉంటుంది. డబ్బు ఖర్చు లేని ఈ చిన్న మార్పును పని క్రమంలో ఎవరూ రాసుకోకపోవడం బాధాకరం.

“వంగకండి, గొంతుక్కూర్చుని చేయండి” అనే సలహా తరచూ వినిపిస్తుంది. నడుముకు కొంత ఊరట దొరుకుతుంది, నిజమే. కానీ బరువు ఎక్కడికీ పోలేదు, మోకాళ్ళకు మారింది. మోకాలు పూర్తిగా మడిచి గంటల తరబడి కూర్చోవడం కీలు అరుగుదలకు తెలిసిన కారణాల్లో ఒకటి. జర్మనీ 2009 నుంచి మోకాలి అరుగుదలను వృత్తి వ్యాధిగా గుర్తిస్తోంది. మోకాళ్ళ మీద గాని అలాంటి భారం పడే భంగిమలో గాని మొత్తం 13,000 గంటలు పని చేసి ఉండాలన్నది అక్కడి షరతుల్లో ఒకటి. పెద్ద అంకెలా కనిపిస్తుంది. రోజుకు నాలుగు గంటలు, ఏడాదికి 250 రోజులు అనుకుంటే పదమూడేళ్ళలో నిండిపోతుంది. ఇరవై ఏళ్ళకు పనిలో చేరిన అమ్మాయికి అప్పటికి ముప్పై మూడేళ్ళు.

గొంతుక్కూర్చోవడంలో ఇంకో ప్రమాదం ఉంది. మోకాలి బయటి వైపు, చర్మం కింద చాలా పైపైనే ఒక నరం పోతుంది. ఎక్కువసేపు మోకాళ్ళు మడిచి కూర్చుంటే అది నలుగుతుంది. మొదట పాదం తిమ్మిరెక్కుతుంది, తరవాత పాదం ముందు భాగం పైకి లేవదు, నడిస్తే నేలకు ఈడ్చుకుపోతుంది. స్ట్రాబెర్రీ కోసేవాళ్ళలో తరచూ కనిపించినందువల్ల వైద్యులు దీనికి ఆ పంట పేరే పెట్టారు. చాలామందిలో నెలల్లో తగ్గిపోతుంది. కానీ లేచాక పాదం మొద్దుబారినట్టు అనిపిస్తే తోసిపుచ్చకూడదు.

ఇదంతా మొక్క చిన్నగా ఉన్నప్పటి మాట. గ్రీన్‌హౌస్ పంటల్లో మొక్కతో పాటే పని ఎత్తు కూడా మారుతుంది. టమాటా, దోస, క్యాప్సికమ్‌లను పురికొస మీద పైకి పాకిస్తారు. నాటిన కొత్తలో చీలమండ ఎత్తులో ఉన్న పని కొన్ని వారాలకు నడుం ఎత్తుకు వస్తుంది. కూలీకి సుఖంగా ఉండేది ఆ కొద్ది రోజులే. తరవాత పని తల దాటిపోతుంది. పిలకలు తుంచడం, తీగను పురికి చుట్టడం, క్లిప్పులు పెట్టడం, కొక్కేన్ని జరిపి తీగను దించడం అన్నీ చేతులు ఎత్తే చేయాలి. ఎత్తుగా కట్టిన గ్లాస్‌హౌస్‌ల్లో తీగ కట్టే వైరు నేల నుంచి 3, 4 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఒక్కో టమాటా తీగ ఒక సీజన్‌లో పది మీటర్లు దాటి పెరుగుతుంది, దాన్ని ప్రతివారం దించి పక్కకు వాల్చాలి.

భుజం దగ్గర ఎముకల మధ్య సన్నని సందులోంచి ఒక కండర బంధనం పోతుంది. చేయి ఎత్తి ఉంచినంతసేపూ అది నలుగుతుంది, రక్తం అందడమూ తగ్గుతుంది. పని భంగిమల మీద ఉన్న అంతర్జాతీయ ప్రమాణం, 2000లో వచ్చిన ఐఎస్ఓ 11226, పై చేతిని 60 డిగ్రీలకు మించి ఎత్తి ఉంచడాన్ని వద్దంటుంది. ఆధారం లేకుండా నడుం వంచే విషయంలో కూడా దాని గీత 60 డిగ్రీలే. 20 డిగ్రీల వంపును నాలుగు నిమిషాల వరకు, 60 డిగ్రీల వంపును ఒక్క నిమిషం వరకు నిలబెట్టి ఉంచవచ్చంటుంది. నేల మీద నారు నాటే మనిషి నడుము 60 డిగ్రీల దగ్గర ఆగదు, తొంభై దాకా పోతుంది. నిమిషానికోసారి లేచే వీలూ ఉండదు.

పొలం పని కూడా ఇలాంటిదే కదా, గ్రీన్‌హౌస్‌ను విడిగా ఎందుకు చూడాలి? మొదటి కారణం కాలం. పొలంలో పంటకు పంటకు మధ్య విరామం వస్తుంది, వాన రోజున పని ఆగుతుంది. కప్పు కింద పంట ఏడాది పొడవునా నడుస్తుంది. నొప్పి తగ్గే లోపే తరవాతి పని వచ్చేస్తుంది. రెండోది వేడి, ఉక్క. చెమటకు చేయి జారితే కత్తెరను, క్రేటును ఇంకా గట్టిగా పట్టుకోవాల్సి వస్తుంది, మణికట్టుకు అదనపు శ్రమ. ఒళ్ళు చల్లబరచడానికి రక్తం చర్మానికి మళ్ళాల్సి వస్తే కండరాలకు అలుపు తొందరగా వస్తుంది. మూడోది కట్టడం. చైనాలో విస్తారంగా ఉన్న సోలార్ గ్రీన్‌హౌస్‌లకు ఉత్తరాన మందపాటి గోడ, దక్షిణాన నేల దాకా వంగి దిగే ప్లాస్టిక్ కప్పు ఉంటాయి. ఎండను బాగా పట్టుకునే చక్కటి డిజైన్ అది. కానీ దక్షిణపు అంచు దగ్గర నిటారుగా నిలబడే చోటే ఉండదు. అక్కడ ఎంత జాగ్రత్తగల మనిషైనా వంగాల్సిందే. భంగిమ అలవాటు వల్ల వస్తుందని చెప్పేవాళ్ళు ఆ అంచు దగ్గర ఒక గంట పని చేసి చూడాలి.

భంగిమలో ప్రమాదం ఎంతో కొలవడానికి వాడుకలో ఉన్న పద్ధతుల్లో పాతది, తేలికైనది ఓవాస్. ఫిన్లాండ్‌లో ఓవాకో అనే ఉక్కు కంపెనీలో 1970ల్లో పుట్టింది, 1977లో ప్రచురితమైంది. పని జరుగుతుంటే నిర్ణీత వ్యవధిలో ఒక్కో క్షణాన్ని చూసి నాలుగు అంకెలు వేయడమే దీని పద్ధతి: నడుముకు నాలుగు స్థితులు, చేతులకు మూడు, కాళ్ళకు ఏడు, బరువుకు మూడు. కలిపితే 252 రకాలు. ప్రతిదాన్నీ ఒకటి నుంచి నాలుగు వరకు ఉన్న ప్రమాద స్థాయిల్లో ఒకదానికి చేరుస్తారు. ఒకటి అంటే ఫరవాలేదు, నాలుగు అంటే వెంటనే మార్చాలి.

నారు నాటే మనిషికే వేసి చూద్దాం. కాళ్ళు నిటారుగా ఉంచి నడుం వంచితే 2, చేతులు భుజాల కింద 1, రెండు కాళ్ళ మీద నిలబడితే 2, బరువు పది కిలోల లోపు 1. కోడ్ 2121, స్థాయి రెండు. అదే మనిషి మోకాళ్ళు కూడా మడిస్తే 2141, స్థాయి మూడు. ఇప్పుడు నారు ట్రే పక్కన ఉండి, ప్రతి మొక్కకూ నడుం వంచి ఉండగానే పక్కకు మెలి తిరగాలి అనుకుంటే 4141. స్థాయి నాలుగు. మొక్క మారలేదు, మనిషి మారలేదు, బరువు మారలేదు. ట్రే ఉన్న చోటు మారింది, అంతే. ట్రేను పక్క నుంచి ఎదురుకు జరిపితే ఒక స్థాయి దిగుతుంది. ఇలాంటివి బయటపడటమే ఈ కొలతల అసలు ప్రయోజనం.

ఓవాస్‌కు మెడ, మణికట్టు కనబడవు. కత్తెరతో రోజంతా కాయలు కోసే పని దీని లెక్కలో దాదాపు సురక్షితంగా తేలుతుంది. అందుకే 1993లో వచ్చిన రూలా, 2000లో వచ్చిన రెబా వాడతారు. వీటిలో మెడ, మణికట్టు కూడా లెక్కకు వస్తాయి. ఏ పద్ధతి అయినా కొన్ని క్షణాల ఫొటో లాంటిదే. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు తీసిన కొలత, మధ్యాహ్నం చెమటలో తీసిన కొలత ఒకే స్కోరు ఇవ్వవచ్చు. శరీరానికి మాత్రం ఆ రెండూ ఒకటి కావు.

ఇక బరువుల మాట. అమెరికాలో వృత్తి ఆరోగ్యాన్ని పరిశోధించే ప్రభుత్వ సంస్థ నియోష్ 1991లో సవరించిన సూత్రం ప్రకారం, పరిస్థితులన్నీ అనుకూలంగా ఉంటే ఎత్తదగ్గ బరువు 23 కిలోలు. ఆ అంకె ఒక్కటే గుర్తుపెట్టుకుని 20 కిలోల క్రేటు సురక్షితం అనుకోవడం పెద్ద పొరపాటు. క్రేటు ఒంటికి అర మీటరు దూరంలో ఉంటే 23 సగమై 11.5 అవుతుంది. అది నేల మీద ఉంటే 0.775తో గుణించాలి, దాదాపు 9 కిలోలకు దిగుతుంది. ఇరుకు దారిలో పక్కకు 45 డిగ్రీలు తిరిగి ఎత్తితే 7.6. ఎంత ఎత్తుకు లేపాలి, నిమిషానికి ఎన్నిసార్లు అన్నవి కలిపితే ఇంకా తగ్గుతుంది. అదే క్రేటు నడుం ఎత్తున్న ట్రాలీ మీద, ఒంటికి దగ్గరగా ఉంటే లెక్క మళ్ళీ పైకి ఎక్కుతుంది. వీపున వేసుకునే స్ప్రేయర్ కూడా ఇలాంటిదే. పదహారు లీటర్ల మందునీళ్ళంటే నీళ్ళ బరువే పదహారు కిలోలు. మొదటి సాలులో దాదాపు ఆ బరువుతోనే నడవాలి.

మరి ఏం చేస్తే పని జరుగుతుంది? నడుం బెల్టులు పెట్టుకోమనడం తేలిక. 1994లో నియోష్ వాటిని పరిశీలించి, ఆరోగ్యవంతులైన కార్మికులకు దెబ్బలు తగలకుండా అవి కాపాడతాయనడానికి ఆధారాలు లేవని తేల్చింది. “సరిగ్గా ఎత్తడం” నేర్పే శిక్షణ ఒక్కటే నడుం నొప్పిని ఆపుతుందనడానికి కూడా బలమైన ఆధారాలు దొరకలేదు. మనిషికి నీతులు చెప్పి పనిని అలాగే వదిలేస్తే ఫలితం రాదు.

పనిని మార్చిన చోట వచ్చింది. నెదర్లాండ్స్ గ్లాస్‌హౌస్‌ల్లో వేడినీళ్ళ పైపులను సాళ్ళ మధ్య నేల మీద పట్టాల్లా వేశారు. వాటి మీద నడిచే లిఫ్ట్ ట్రాలీ కూలీని తీగ ఎత్తుకు తీసుకెళ్తుంది, భుజాలు ఎత్తే అవసరం తగ్గుతుంది. స్ట్రాబెర్రీని నేల నుంచి లేపి తొట్లలో పెంచితే కోత నిలబడి చేసే పని అయింది. అన్నిటికన్నా ముచ్చటైన మార్పు ఒక తేనెటీగ జాతి పురుగు తెచ్చింది. టమాటా పూలను కంపింపజేస్తే గాని పుప్పొడి రాలదు. అందుకని వారానికి రెండు మూడుసార్లు కూలీలు చేతులు ఎత్తి ప్రతి పూగుత్తినీ చిన్న పరికరంతో అదిలించేవాళ్ళు. 1987 నుంచి బెల్జియంలో బంబుల్‌బీలను పెంచి గ్రీన్‌హౌస్‌లకు అమ్మడం మొదలైంది. పుప్పొడి రాల్చే పనికి తెచ్చిన ఈ బంబుల్‌బీ ఒక చాకిరీని మొత్తంగా తీసేసింది.

ఖరీదైన పరికరాలు అందరికీ అందవు. చక్రాలున్న పొట్టి పీట, నడుం ఎత్తు చెక్కబల్ల, పొడుగు పిడి పనిముట్లు, చేయి చిన్నగా ఉన్న ఆడవాళ్ళకు పట్టే కత్తెర, పొద్దున నాటిన మనిషికి మధ్యాహ్నం కాయలు ఏరి వేరుచేసే గ్రేడింగ్ పని ఇవ్వడం, ఇవి మాత్రం ఎక్కడైనా వీలవుతాయి. కాలిఫోర్నియాలో వంగి చేసే పొలం పనుల మధ్య గంటకు ఐదు నిమిషాల విశ్రాంతి ఇచ్చి చూస్తే నొప్పుల తీవ్రత తగ్గింది. కాయ లెక్కన కూలీ ఇచ్చే చోట మాత్రం ఆ ఐదు నిమిషాలను ఎవరూ తీసుకోరు. విశ్రాంతికి కూడా కూలీ కట్టాలి.

పిడి పొడుగు సంగతి చిన్నదిగా అనిపించవచ్చు. అదే కాలిఫోర్నియాలో కూలీలు దశాబ్దాల పాటు పొట్టి పిడి పారలతో కలుపు తీశారు. పొడుగు పిడితో పని పాడవుతుందని, వంగి ఉంటేనే కూలీ పని చేస్తున్నట్టు దూరం నుంచి కనబడుతుందని యజమానుల వాదన. కూలీల తరఫున లాయర్లు వైద్యుల సాక్ష్యాలతో పోరాడారు. 1975లో కోర్టు తీర్పు తరవాత ఆ పారను నిషేధించారు. పంటలు పండటం ఆగలేదు.

ఇక సర్వేల విషయం. 1987 నాటి నార్డిక్ ప్రశ్నావళి మెడ నుంచి పాదాల దాకా తొమ్మిది చోట్ల నొప్పి గురించి అడుగుతుంది, మంచి పరికరమే. కానీ దాన్ని నింపేది ఆ రోజు పనికి వచ్చినవాళ్ళు. నడుం పనికిరాకుండా పోయి మానేసిన మనిషి ఆ వరసలో ఉండదు. అందువల్ల ఏళ్ళ తరబడి పని చేసిన కూలీలు కొత్తవాళ్ళకన్నా గట్టివాళ్ళలా తేలిన సందర్భాలుంటాయి. గట్టివాళ్ళే మిగిలారన్నది అసలు కారణం. ఒక గ్రీన్‌హౌస్‌లో పరిస్థితి నిజంగా తెలియాలంటే మూడేళ్ళ కిందటి మస్టర్ రోల్ తీసి, ఇప్పుడు కనబడని పేర్లు రాసుకుని, వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి అడగాలి.